పుస్తకం మూశాక ఏం మిగిలింది? లక్ష్మీ నగర్ చదువుల విశేషాలు

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో యమునా బ్యాంక్ దాటి వైశాలి వైపు మళ్లితే వచ్చే మొదటి స్టేషన్ లక్ష్మీ నగర్. మెట్లు దిగితే వికాస్ మార్గ్. తలెత్తితే ఫ్లెక్సీలు. మన ఊళ్లలో ఫ్లెక్సీ మీద హీరోలూ నాయకులూ ఉంటారు. ఇక్కడ అకౌంట్స్ చెప్పే సార్లు, ట్యాక్స్ చెప్పే సార్లు, ఆడిట్ చెప్పే మేడమ్‌లు ఉంటారు. ముఖర్జీ నగర్, ఓల్డ్ రాజేంద్ర నగర్ అంటే సివిల్స్ అని మనవాళ్లకు బాగా తెలుసు. సీఏ చదివే పిల్లలకు మాత్రం ఢిల్లీ అంటే లక్ష్మీ నగరే. గుంటూరులోనో విజయవాడలోనో ఇంటర్లో ఎంఈసీ తీసుకుని సీఏలో చేరినవాళ్లు కొందరు ఢిల్లీ ముఖం చూడకపోయినా ఇక్కడి సార్ల గొంతు వింటే గుర్తుపడతారు. ఆ పాఠాలు ఒకప్పుడు పెన్‌డ్రైవ్‌లో వెళ్లేవి, ఇప్పుడు యాప్‌లో వెళ్తున్నాయి.

ఈ వీధుల్లో పరీక్షకు ఎలా చదువుతారు, ఆ పద్ధతుల్లో నిలిచేవేవి, జారిపోయేవేవి అని వెతికితే దొరికిన విశేషాలివి. కొన్ని లక్ష్మీ నగర్‌వి, కొన్ని మన వీధి బడివి, కొన్ని ప్రయోగశాలలవి.

నదికి ఆ ఒడ్డున

లక్ష్మీ నగర్ నుంచి వికాస్ మార్గ్ మీదుగా యమున దాటితే ఐటీఓ కూడలి. ఐటీఓ అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు. ఆఫీసు పేరే కూడలికి స్థిరపడిపోయింది. దగ్గర్లోనే ఇంద్రప్రస్థ మార్గ్‌లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ప్రధాన కార్యాలయం ఉంది. పిల్లలు చదివే పన్ను పేరున్న కూడలీ, పరీక్ష పెట్టే సంస్థా నదికి ఆ ఒడ్డున. రాత్రంతా దీపం వెలిగే గదులు ఈ ఒడ్డున.

ఐసీఏఐ 1949 జూలై 1న ఏర్పడింది. 2016-17లో దానికి అధ్యక్షుడిగా ఉన్న ఎం. దేవరాజ రెడ్డి మన తెలుగువారు. సంస్థ చిహ్నం మీద గరుత్మంతుడుంటాడు. నినాదం కఠోపనిషత్తు నుంచి తీసుకున్నది. అందరూ నిద్రపోయే వేళ మేల్కొని ఉండేవాడి గురించి ఆ మాట. దాన్ని అక్షరాలా పాటించే పిల్లల సంగతి కాసేపాగి చెబుతాను.

పుస్తకాలు లేని లైబ్రరీ

లక్ష్మీ నగర్‌లో 'లైబ్రరీ' అన్న బోర్డు చూసి పుస్తకాల కోసం లోపలికి వెళ్తే బీరువా ఒక్కటీ కనిపించదు. మూడు వైపులా చెక్క అడ్డుపెట్టిన బల్ల, కుర్చీ, లైటు, చార్జింగ్ పాయింటు. వేసవికి ఏసీ. నెలకింత అని సీటుకు అద్దె. పగటి షిఫ్టుకొకటి, రాత్రి షిఫ్టుకొకటి, రోజంతా అయితే మరొకటి. పుస్తకాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఇక్కడ అద్దెకు దొరికేది నిశ్శబ్దం.

హైదరాబాద్ అశోక్ నగర్‌లో దీన్నే స్టడీ హాల్ అంటారు. అక్కడికి కూతవేటు దూరంలో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కిక్కిరిసి. అది నిజమైన గ్రంథాలయం. అక్కడ కూడా చాలామంది తమ సంచిలో తెచ్చుకున్న పుస్తకమే చదువుతుంటారు. నలుగురు తల వంచుకుని చదువుతుంటే మనకూ తల వంచాలనిపిస్తుంది. పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలో మంచం, ఫోను, పక్కవాడి కబుర్లు కలిసి చెడగొట్టేదాన్ని ఆ కుర్చీ నిలబెడుతుంది. ఈ డబ్బు దండగ అని ఇంట్లోవాళ్లు అంటారు గానీ, నేననను. ఈ లైబ్రరీల గురించి ఇంకో మాట ఉంది, అది ఆఖర్లో.

45 గంటలు

సీఏ పిల్లల నోట తరచూ వినిపించే మాట 'డేఢ్ దిన్', అంటే రోజున్నర. సాధారణంగా పేపరుకూ పేపరుకూ నడుమ ఒక రోజు ఖాళీ ఇస్తారు. మధ్యాహ్నం 2 గంటలకు మొదలైన పేపరు 5కు ముగుస్తుంది. తర్వాతి పేపరు ఎల్లుండి 2 గంటలకు. లెక్క కడితే 45 గంటలు. తిండి, నిద్ర, ప్రయాణం పోగా మిగిలిన వేళలో సబ్జెక్టు మొత్తం ఒకసారి తిరగేయాలి. నెలల తరబడి రాసుకునే నోట్సు అంతా ఈ రోజున్నర కోసమే. 'ఈ నోట్సు రోజున్నరలో అవుతుందా?' అన్నది అక్కడ మంచి నోట్సుకు గీటురాయి.

రోజున్నర చాలుతుందా అంటే, అంతకుముందు ఎన్నిసార్లు తిరగేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్క మొదట తేల్చినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షరాల జాబితాలు తయారు చేసుకుని, తనమీద తానే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. ఒకసారి పూర్తిగా నోటికి వచ్చిన జాబితాను కొంత గడువు తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత తక్కువ శ్రమ పడుతుందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ ఆదా. ఒక రోజు గడిచాక 34 శాతం. 31 రోజులకు 21 శాతం. చూడండి, సగానికి పైగా జారిపోయేది మొదటి రోజే. ఆ తర్వాత నెల రోజులకు పోయేది కొంచెమే. కాబట్టి క్లాసు విన్న రోజు రాత్రి పావుగంట తిరగేయడం, నెల తర్వాత మూడు గంటలు కూర్చోవడం ఒకటి కాదు. రోజున్నర అనేది గుర్తు చేసుకోవడానికి చాలుతుంది, కొత్తగా నేర్చుకోవడానికి చాలదు.

మన మాటలోనే ఉంది

వీధి బడిలో పిల్లవాడు పుస్తకం పంతులుగారి చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, చూడకుండా పాఠం చెప్పేవాడు. దాన్ని అప్పజెప్పడం అన్నారు. ఊరికే చదవడం వేరు, వల్లె వేయడం వేరు, అప్పజెప్పడం వేరు. వస్తువును యజమానికి తిరిగి ఇవ్వడాన్నీ, పెళ్లిలో ఆడపిల్లను అత్తవారి చేతిలో పెట్టడాన్నీ అప్పజెప్పడం, అప్పగించడం అంటాం. చేతిలో ఉన్నదాన్నే అప్పగించగలం. పాఠమూ అంతే.

2006లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఇదే సంగతిని కొలిచి చూశారు. ఒక బృందం ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. మరో బృందం ఒక్క విడత చదివి, తక్కిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే తారుమారైంది. నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61.

ఇందులో నన్ను కదిలించేది మరొకటి. బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువగా ఉన్నది నాలుగుసార్లూ చదివిన బృందానికే. చదివిన పేజీ మళ్లీ చూస్తే కళ్లకు పరిచయంగా ఉంటుంది. ఆ పరిచయాన్ని పిల్లలు 'వచ్చేసింది' అనుకుంటారు. పరీక్ష హాల్లో పేజీ ఉండదు, ప్రశ్న మాత్రమే ఉంటుంది. 'అంతా చదివాను, ఒక్కటీ గుర్తు రాలేదు' అని ఏడ్చే పిల్లను సోమరి అనకండి. ఆమె నిజంగానే చదివింది. అప్పజెప్పమని అడిగినవాళ్లే లేకపోయారు.

మూడు రంగుల హైలైటర్

లక్ష్మీ నగర్ స్టేషనరీ దుకాణంలో హైలైటర్లకు మంచి గిరాకీ. నిర్వచనాలకు పసుపు, సెక్షన్లకు గులాబీ, సవరణలకు ఆకుపచ్చ. 2013లో జాన్ డన్‌లోస్కీ, తోటి పరిశోధకులు పది చదువు పద్ధతులను పరిశీలించి, గీతలు గీయడాన్నీ మళ్లీ మళ్లీ చదవడాన్నీ తక్కువ ఫలం ఇచ్చేవాటిలో వేశారు. ఎక్కువ ఫలం ఇచ్చేవి రెండే అన్నారు: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచడం. రంగులు వేయడం తప్పేం కాదు, ఎక్కడ చూడాలో చెబుతాయి. చదువు మాత్రం రంగు వేసిన తర్వాతే మొదలవుతుంది.

'నేను విజువల్ లెర్నర్‌ని'

ఈ మాట ఇప్పుడు పిల్లల నోటా, తల్లిదండ్రుల నోటా, కౌన్సెలింగ్ చేసేవాళ్ల నోటా వినిపిస్తోంది. మావాడు చూస్తేగానీ నేర్చుకోలేడు, మా అమ్మాయి వింటేనే పట్టుకుంటుంది అని. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1990ల మొదట్లో చూపు, వినికిడి, చదవడం-రాయడం, చేతిపని అని నాలుగు తరగతులు పెట్టి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. అది ప్రపంచమంతా పాకింది.

ఆ తరగతి ప్రకారం పాఠం చెబితే నిజంగా ఎక్కువ నేర్చుకుంటారా? 2008లో హాల్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటివరకు వచ్చిన పరిశోధనను జల్లెడ పట్టారు. చూపు వాళ్లకు చూపు పాఠం, వినికిడి వాళ్లకు వినికిడి పాఠం ఎక్కువ మేలు చేసిందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఇష్టాలు ఉంటాయి, అది నిజం. ఒకరికి బొమ్మ ఇష్టం, ఒకరికి వినడం ఇష్టం. ఇష్టమైన పద్ధతే ఎక్కువ నేర్పుతుందన్నదే రుజువు కాలేదు.

నా ఉద్దేశంలో పద్ధతిని నిర్ణయించాల్సింది పిల్లవాడి ముద్ర కాదు, సబ్జెక్టు. భారతదేశ పటం కళ్లతోనే నేర్చుకోవాలి, ఎంత వినికిడి పిల్లవాడైనా. త్యాగరాజ కీర్తన చెవితోనే నేర్చుకోవాలి. కాస్టింగ్ లెక్క పెన్నుతోనే వస్తుంది; సారు బోర్డు మీద చేస్తుంటే చూసి తల ఊపినంతమాత్రాన రాదు. ఈ ముద్రల వల్ల జరిగే కీడు చిన్నది కాదు. 'నేను విజువల్‌ని, థియరీ నాకు ఎక్కదు' అని పద్దెనిమిదేళ్ల పిల్ల లా పేపరును పక్కన పెట్టేస్తుంది. తనకు చేతకాదనుకున్న తలుపు ఆమె తానే మూసేసుకుంటోంది. పిల్లల మీద దయచేసి ఈ చీటీలు అంటించకండి.

రెండింతల వేగం

రికార్డు చేసిన పాఠాన్ని మామూలు వేగంతో వినే పిల్లలు తక్కువ. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు పెట్టి వింటారు. పెద్దవాళ్లకు చూస్తే కంగారు. అంత కంగారు అక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో చేసిన ఒక ప్రయోగం 2021లో వెలువడింది. రెండు రెట్ల వేగం వరకు అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు, రెండున్నర రెట్లకు తగ్గింది. ఆ మిగిలిన సమయం ఎటు పోయిందన్నదే అడగాలి. లెక్క చేయడానికి పోతే లాభం, ఇంకో వీడియోకు పోతే కాదు.

చిట్టా, ఆవర్జా, అంకణా

లక్ష్మీ నగర్‌లో పాఠం హిందీ కలిసిన ఇంగ్లీషులో సాగుతుంది. మాడ్యూల్ (పాఠ్యపుస్తకం) ఇంగ్లీషులో ఉంటుంది. మన పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసేది తెలుగులో. మూడు భాషల నడుమ మొదటి నెలలు కష్టంగానే గడుస్తాయి. కానీ తెలుగు మీడియంలో కామర్స్ చదివిన పిల్లలకు చేతిలో ఒక ఆస్తి ఉంది. జర్నల్‌ను చిట్టా అన్నాం, లెడ్జర్‌ను ఆవర్జా అన్నాం, ట్రయల్ బ్యాలెన్స్‌ను అంకణా అన్నాం. బ్యాలెన్స్ షీట్‌కైతే మన పేరే వివరణ: ఆస్తి అప్పుల పట్టీ. ఏమేం ఉంది, ఎవరికెంత బాకీ, అంతే కదా ఆ కాగితం చెప్పేది.

హిందీలో విన్న పాఠాన్ని పుస్తకం మూసి అమ్మకు తెలుగులో చెప్పగలిగితే అది వచ్చినట్టే. సారు మాటలు అలాగే తిరిగి చెప్పడానికి అక్కడ వీల్లేదు. అర్థమైతేనే తెలుగు మాట దొరుకుతుంది. పరాయి భాషలో చదువుకోవడంలో ఉన్న ఈ ఒక్క మేలును వదులుకోవద్దు.

అవధాని చేసే పని

అష్టావధానంలో అవధాని ప్రశ్న వేసే ఒక పృచ్ఛకుడికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. మొదటి ఆవృత్తిలో ఈయనకొక పాదం, ఆయనకొక పాదం చెప్పి, మళ్లీ మొదటికి వచ్చి రెండో పాదం అందుకుంటాడు. నడుమ అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏవేవో అడిగి దారి మళ్లిస్తుంటారు. గంట మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో అదీ లెక్క పెట్టాలి. చివర్లో ధారణ: పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పాలి. ఈ విద్యను ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లో, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి 1950లో కన్నుమూశారు. అవధానం మాత్రం నేటికీ నడుస్తోంది.

వదిలిన పాదాన్ని మళ్లీ అందుకున్న ప్రతిసారీ మనసు వెతకాలి. ఆ వెతుకులాటకున్న బలం ఏమిటో 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ చేసిన ప్రయోగంలో తెలుస్తుంది. ఘనపరిమాణం కనుక్కునే నాలుగు రకాల లెక్కలను ఒక బృందం రకం తర్వాత రకంగా చేసింది. మరో బృందం కలగలిపి చేసింది. సాధన వేళ విడివిడిగా చేసినవాళ్లకు 89 శాతం ఒప్పు, కలగలిపినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్షలో విడివిడి బృందానికి 20 శాతం, కలగలిపిన బృందానికి 63.

ఒకే అధ్యాయంలో ఇరవై లెక్కలు వరుసగా చేస్తే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్ష పేపరు మీద అధ్యాయం పేరు ఉండదు. అందుకే ఐసీఏఐ వేసే ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్ట్ పేపర్లు అంత విలువైనవి. వాటిలో లెక్కలు కలిసే వస్తాయి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి, పాత ప్రశ్నలకు సూచించిన జవాబులతో సహా. డబ్బు లేని ఇంటి పిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఏ, బీ, సీ

పెద్ద సిలబస్‌ను పిల్లలు అధ్యాయాల వారీగా ఏ, బీ, సీ అని విడగొడతారు. తప్పక వచ్చేవి ఏ, వచ్చే అవకాశం ఉన్నవి బీ, అరుదుగా వచ్చేవి సీ. ఈ పేరు వాళ్ల కాస్టింగ్ పుస్తకంలోదే: గోదాములో సరుకును విలువను బట్టి మూడు తరగతులు చేసి, ఖరీదైనదాని మీద ఎక్కువ కన్నేసి ఉంచే పద్ధతి. తమ సిలబస్ నేర్పిన పద్ధతిని తమ సిలబస్ మీదే ప్రయోగించే విద్యార్థులు అరుదు.

సెక్షన్ నంబర్లు, రాగాల పేర్లు

కంపెనీల చట్టం 2013లో 470 సెక్షన్లు. వాటి నంబర్లు నోటికి రావాలని పిల్లలు పొడి అక్షరాలు కలిపి వింత వింత మాటలు అల్లుకుంటారు. మన పెద్దలు ఈ పనిని శాస్త్రంగా చేశారు. కటపయాది పద్ధతిలో ప్రతి హల్లుకూ ఒక అంకె. మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండక్షరాలను అంకెలుగా మార్చి తిరగేస్తే రాగం సంఖ్య వస్తుంది. మేచకల్యాణిలో 'మ' 5, 'చ' 6; తిరగేస్తే 65. ధీరశంకరాభరణంలో 'ధ' 9, 'ర' 2, తిరగేస్తే 29. పేరు తెలిస్తే సంఖ్య తెలిసినట్టే.

రాగాల సంఖ్య మారదు. చట్టాలు మారతాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 536 సెక్షన్లతో కూర్చారు. ఇంటింటికీ తెలిసిన 80సీ ఇప్పుడు సెక్షన్ 123. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అని తరాలపాటు పిల్లల్ని తికమక పెట్టిన జంట పోయి, ట్యాక్స్ ఇయర్ అన్న ఒక్క మాట వచ్చింది. నంబరును మాత్రమే బట్టీ పట్టినవారు మొదటి నుంచి మొదలుపెట్టాలి. పొదుపుకు మినహాయింపు ఎందుకు ఇస్తారో, ఎవరికి ఇస్తారో తెలిసినవారు ఒక్క నంబరు దిద్దుకుంటే సరిపోతుంది.

బట్టీని నేను తక్కువ చేయడం లేదు. వేదం నేర్చిన ఘనాపాఠి పదాలను ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు అని ముందుకూ వెనక్కూ తిప్పి చెబుతాడు. ఒక్క పదం జారినా అక్కడే తెలిసిపోతుంది. అది గుడ్డిగా వల్లె వేయడం కాదు, అడుగడుగునా తనను తాను సరిచూసుకోవడం.

నైటౌట్

ఇక ఆ మేల్కొనే పిల్లల సంగతి. లైబ్రరీల్లో రాత్రి షిఫ్టు సీట్లు ఖాళీగా ఉండవు. పరీక్షకు ముందు రాత్రంతా చదవడం మన హాస్టళ్ల భాషలో నైటౌట్. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులతో ప్రయోగం చేశారు. నేర్చుకున్న వెంటనే నిద్రపోతే, అన్ని గంటలే మేల్కొని గడిపినప్పటికంటే ఎక్కువ గుర్తుంది. వందేళ్లుగా వచ్చిన పరిశోధన ఆ మాటను బలపరుస్తూనే వచ్చింది: పగలు చదివినదాన్ని మెదడు రాత్రి నిద్రలో స్థిరపరుచుకుంటుంది. నిద్ర మానేస్తే చదివిన గంటలు పెరుగుతాయి, మిగిలే చదువు తగ్గుతుంది. పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు. ఆ వేళకు తల తేటగా ఉండాలి. ఉపనిషత్తు చెప్పిన మెలకువకు అర్థం టీ తాగి కళ్లు తెరుచుకుని కూర్చోవడం కాదు.

టమాటా గడియారం

25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగే పొమొడోరో పద్ధతికి ఆ పేరు ఇటలీ భాషలో టమాటా నుంచి వచ్చింది. 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్న ఫ్రాన్సెస్కో చిరిల్లో వాడిన వంటింటి గడియారం టమాటా ఆకారంలో ఉండేది.

దుర్గాబాయి క్లాసు

ఐటీఓ దగ్గరే దీన్ దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో ఢిల్లీ తెలుగువారి బడి ఉంది, ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీది. దాని వెనక ఉన్న మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకు వెళ్లివచ్చాక, పెద్దయ్యాక చదువు అందుకున్నారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కు ప్రైవేటుగా చదివారు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్, మద్రాసులో లా. 1930ల్లో మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ తొలి పని ఏమిటో తెలుసా? తెలుగు ఆడపిల్లలకు అదే బనారస్ మెట్రిక్ పరీక్షకు కోచింగ్ ఇవ్వడం. తాను ఈది దాటిన ఏరును మరికొందరి చేత దాటించారు.

ఇతరులకు చెబితే చదువు గట్టిపడుతుందని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. గురువు దగ్గర పావు వంతు, సొంత తెలివితో పావు, తోటి పిల్లల దగ్గర పావు, కాలక్రమంలో పావు అని పాత లెక్క. 2014లో వెలువడిన మరో ప్రయోగంలో, 'తర్వాత నువ్వు దీన్ని మరొకరికి చెప్పాలి' అన్న మాట వినగానే విద్యార్థులు పాఠాన్ని మెరుగ్గా గుర్తుంచుకున్నారు. చివరికి చెప్పించనే లేదు, అయినా. పీజీ గదిలో ఇద్దరుంటే ఒకరికొకరు సారు కావచ్చు. దానికి ఫీజు లేదు.

ఫలితం రోజు

2024 మే సీఏ ఫైనల్ పరీక్షలో రెండు గ్రూపుల పేపర్లూ కలిపి రాసినవారు 35,819 మంది. రెండూ గట్టెక్కినవారు 7,122 మంది, అంటే 19.88 శాతం. ప్రతి పేపరులో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. అన్నిట్లో 45 వచ్చినా తప్పినట్టే. గ్రూపు పోయినా ఒక పేపరులో 60 వస్తే దానికి ఎగ్జెంప్షన్. తర్వాతి మూడు పరీక్షల వరకు దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. 2025 నుంచి ఫైనల్ కూడా ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు, జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో.

అందుకే అక్కడ ఎవరూ 'తప్పావా?' అని అడగరు, 'ఎన్నో అటెంప్ట్?' అంటారు. ఆ మాటలో నాకు గొప్ప మర్యాద కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న మనం కూడా ఆ మాటే నేర్చుకోవాలి. ఐదుగురిలో నలుగురు ఆగిపోయే చోట ఆగిన పిల్లవాడిని పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ నిలదీయడం అన్యాయం.

ఆ లైబ్రరీల గురించి ఒక మాట

2010 నవంబరులో లక్ష్మీ నగర్‌లోనే లలితా పార్కులో అద్దెకున్నవాళ్లతో నిండిన భవనం కూలి దాదాపు 70 మంది చనిపోయారు. 2024 జూలై 27న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం సెల్లార్‌లో నడిచే లైబ్రరీలోకి వాన నీరు ఒక్కసారిగా ముంచుకొచ్చి, చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న పిల్లలు వాళ్లు.

మీ అబ్బాయో అమ్మాయో ఢిల్లీలో గది తీసుకుంటుంటే, అశోక్ నగర్‌లో సీటు తీసుకుంటున్నా సరే, ఫీజు ఎంతని అడగడానికి ముందు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. లైబ్రరీ ఎన్నో అంతస్తులో ఉంది? బయటికి దారులు ఎన్ని? కరెంటు పోతే బయటి తలుపు చేత్తో తెరుచుకుంటుందా? సెల్లార్ అయితే, ఒక్క దారే అయితే, ఎంత చవకైనా ఆ సీటు వద్దని చెప్పండి.